సంతకం గడి

ఆఫీసులో అందరూ ఆమెను గీతలమ్మ అంటారు. కంప్యూటర్ సర్వర్లుండే గదుల్లో ఏ ర్యాకు ఎటు తిరగాలో, చల్లగాలి ఎక్కణ్ణుంచి రావాలో గీసివ్వడం ఆమె పని. గది రేపు ఎక్కడ వేడెక్కుతుందో, ఆమె గీసిన కాగితం ఇవాళే అక్కడ వేడెక్కుతుంది. అందుకే పనికిరాని ప్లాన్లను అక్కడెవరూ పారెయ్యరు. మధ్యాహ్నం వాటి మీద క్యారియర్లు పెట్టుకుంటారు.

ఆ రోజు పొద్దున్నే మేనేజరు హుకుం జారీ చేశాడు. ర్యాకుల వరసలన్నీ తలుపు వైపే చూడాలట. వచ్చినవాళ్ళకి లైట్లు మిలమిలా కనపడాలట!

"ముందు వరస వీపు సెగంతా వెనక వరస మొహాన కొడుతుంది సార్. ఎదురెదురుగా తిప్పుదాం," అంది గీతలమ్మ.

"ఇంకో నాలుగు ఏసీలు పెడితే సరి. గీసి సంతకం పెట్టు. లేదా రేపట్నుంచి రాకు."

సర్వర్లు మాడిపోతే సంతకం పెట్టినవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు మరి!

ఫోన్లో అమ్మ, "ఓ గీత గీకి పారెయ్యవే, ఉద్యోగం నిలబడుతుంది," అంది.

"గీత గీస్తా గానీ, చచ్చినా సంతకం పెట్టనమ్మా!"

ఒళ్ళు మండిపోతుంటే కూర్చుని గీసింది. ఆయన చెప్పింది చెప్పినట్టే, నాలుగు ఏసీలతో సహా. ఒక్కటే మార్చింది. ఎప్పుడూ కింద మూలనుండే సంతకం గడిని మూడో వరసకీ నాలుగో వరసకీ మధ్యకి తెచ్చింది.

మీటింగులో యజమాని ముందు కాగితం పరిచింది.

"సంతకమేదమ్మా?" అన్నాడాయన.

"నేను పెట్టను సార్. ఇది మేనేజరు గారి ఆలోచన. అంత నమ్మకముంటే ఆయన్నే పెట్టమనండి."

మేనేజరు రుసరుసలాడుతూ పెన్ను తీసి ఆ గడి మీద చెయ్యి ఆనించాడు. "అబ్బా!" అని లాక్కున్నాడు. రుమాలు వేసుకుని మళ్ళీ ఆనించాడు. ఈసారి పెన్ను మొన మెత్తబడి పక్కకి వాలిపోయింది.

"నాలుగు ఏసీలు పెట్టినా ఇంతేనా?" అన్నాడు యజమాని.

"నలభై పెట్టినా ఇంతే సార్. ఒకళ్ళు వదిలిన సెగ ఇంకొకళ్ళు పీల్చాల్సిందే."

"మరి నీ ప్లానేది?"

సంచీలోంచి తీసిచ్చింది. యజమాని దాని మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరిపాడు. వీపులు కలిసిన సందుల్లోనే వేడి, అదీ తిన్నగా పైకెక్కి బయటికి పోతోంది. మిగతాదంతా చల్లగా ఉంది. మూలన ఆమె సంతకం అప్పటికే ఉంది. దాని కిందే ఆయనా పెట్టాడు.

మేనేజరు గప్‌చుప్‌గా తన ప్లాను చుట్టబోయాడు.

"ఉంచండి సార్," అంది గీతలమ్మ. "భోజనాల వేళవుతోంది."

ఆ మధ్యాహ్నం అందరి క్యారియర్లూ దాని మీదే వెచ్చబడ్డాయి. మేనేజరుది కూడా.