విప్పే పాఠం ఇంకా రాలేదు

ఉదయగిరిలో మా బడికి ఇంగ్లీషు చెప్పే కొత్త పద్ధతి 1978లో వచ్చింది. మాటకు అర్థం తెలుగులో చెప్పకూడదట, చేసి చూపించాలట. చేస్తూ చెప్పాలి, చెబుతూ చెయ్యాలి. తెలుగు పంతుల్ని కాబట్టి ఆ పద్ధతంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. పుట్టినప్పట్నుంచీ నోట్లో ఉన్న భాషను చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మంటే ఎవరికి మండదు?

పక్క గదిలో పాఠం చెప్పే లిదియమ్మకు మాత్రం ఆ పద్ధతే దిక్కు. ఆమె నాలుగేళ్ళుగా టెంపరరీ టీచరు. ఏటా ఏప్రిల్ ఆఖరున తీసేస్తారు, జూన్‌లో మళ్ళీ పిలుస్తారు. పిలుస్తారో లేదోనని ఆ మధ్యకాలమంతా ఆమెకు తిండి సయించేది కాదు. ఈసారి ఆత్మకూరు నుంచి ఇన్‌స్పెక్టరు మస్తానయ్య వచ్చి, పాఠం చూసి మంచి రిపోర్టు రాస్తే ఉద్యోగం పర్మనెంటవుతుంది. పాఠం నడుస్తుండగా ఒక్క తెలుగు ముక్క వినపడినా రిపోర్టు మీద ఆశ వదులుకోవాల్సిందేనని ఆయన ముందే కబురు పంపాడు.

ఏడో పాఠం నిండా ఒకదానికొకటి తగిలించే మాటలే. టై, పిన్, హుక్, స్టిక్, బటన్. తాడుకొక మాట, సూదికొక మాట, జిగురుకొక మాట. ఇంగ్లీషువాడికి ఏదీ దానంతటది నిలబడదు కాబోలు అనుకున్నాను. లిదియమ్మ ఇంటినుంచి కొబ్బరితాడు, గుండుసూదులు, పాతచొక్కా, మైదాపిండి ఉడికించిన జిగురు మోసుకొచ్చింది. నెల తిరిగేసరికి పిల్లలు కట్టని వస్తువు బడిలో లేకుండా పోయింది. నా గొడుగు ఒకరోజు కిటికీకి వేలాడితే, మరొకరోజు హెడ్మాస్టరు సైకిలుకు వేలాడింది. తిట్టబోతే, "ఐ యామ్ హుకింగ్ ది అంబ్రెల్లా" అని అంత ముద్దుగా చెబుతారు, ఏమనను?

అందరిలోకీ చురుకైన పిల్ల జరీనా. వాళ్ళ నాన్న జానీ బాషా మర్రిపాడు రోడ్డున లారీ తోలుతాడు. లోడు మీద తాడు వేసి బిగించడం ఆ పిల్ల ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆ ముడి లాగేకొద్దీ బిగుసుకుంటుంది. దాని కిటుకు ఆ ఇంటివాళ్ళకే తెలుసు.

మస్తానయ్య పదకొండింటికి దిగాడు. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను నా క్లాసుకు చూచిరాత ఇచ్చేసి కిటికీ దగ్గర చేరాను. పిల్లలు పాఠం బట్టీపట్టారని ఆయనకు అనుమానం వచ్చినట్టుంది. లిదియమ్మను పక్కకు జరగమని, తానే ఆజ్ఞలివ్వడం మొదలుపెట్టాడు.

"టై ది రోప్ టు ది చైర్!"

జరీనా తాడు తీసుకుని లేచింది. లారీ ఇంట్లో పెరిగిన పిల్ల. తాడు కట్టడమంటే లోడు మీదుగా వేసి కట్టడమే ఆమెకు తెలుసు. కుర్చీ వెనకనుంచి ఇన్‌స్పెక్టరు పొట్ట మీదుగా మూడు చుట్లు తిప్పి, కాలు తన్నిపెట్టి లాగి, ముడి వేసి, "ఐ యామ్ టైయింగ్ ది రోప్ టు ది చైర్" అంది. ఎక్కడా తప్పు లేదు. ఆ ఆనందంలో ఆయన పొట్ట సంగతే మరిచిపోయాడు.

"వెరీ గుడ్! పిన్! హుక్! స్టిక్!" అని వరసగా అందుకున్నాడు. ఒకడు ఆయన కండువాను చొక్కాకు పిన్ను పెట్టాడు. ఒకతె నా గొడుగును ఆయన కాలరుకు తగిలించింది. ఇంకొకడు ఆయన తెచ్చిన రిపోర్టు ఫారాన్ని బల్లకు శుభ్రంగా అంటించాడు. అందరూ ఇంగ్లీషులోనే చెప్పి మరీ చేశారు.

అంతలో ఆత్మకూరు బస్సు హారను వినిపించింది. అది పోతే మళ్ళీ సాయంత్రమే. మస్తానయ్య గబుక్కున లేచాడు, కుర్చీ కూడా లేచింది.

"అన్‌టై!" అని అరిచాడు.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. విప్పే మాటలు ఎనిమిదో పాఠంలో ఉన్నాయి. అది వచ్చే వారం. లిదియమ్మ పరుగున వెళ్ళి ముడి పట్టుకుని లాగింది, అది ఇంకా బిగిసింది. తెలుగులో ఒక్క మాట అంటే పని అయిపోతుంది, ఆ మాటతోనే ఉద్యోగమూ అయిపోతుంది. ఆమె నావైపు చూసింది. కిటికీలోంచి వచ్చినా తెలుగు తెలుగే కదా, నేను నోరు కుట్టుకున్నాను. నిజంగా జాలేసింది.

అప్పుడు ఆ మహాతల్లి ఎనిమిదో పాఠం మొదలుపెట్టింది! తన జడ రిబ్బను పట్టుకుని, "ఐ యామ్ అన్‌టైయింగ్ ది రిబ్బన్" అంటూ విప్పి చూపించింది. పిల్లలకు తెగ నచ్చింది. రిబ్బన్లు విప్పారు, పుస్తకాల మూటలు విప్పారు. ఒకడు వరండాలోకి ఉరికి, బడి ఊడ్చే నాగులమ్మ అక్కడ కట్టేసుకున్న మేకను కూడా విప్పేశాడు. ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఇన్‌స్పెక్టరు వంక చూసినవాళ్ళు లేరు.

"ఓయమ్మా! బస్సు పోతా ఉండాది! ఆ ముడి విప్పవే తల్లీ, నీకు దణ్ణం పెడతా!" అని కేకేశాడు మస్తానయ్య.

జరీనా బెదిరిపోయి నోటిమీద వేలు పెట్టుకుంది.

"తెలుగు మాట్లాడగూడదు సార్! మాట్లాడితే మా టీచరమ్మ ఉద్యోగం పోతాది!"

అనేశాక తెలిసింది తానేం చేసిందో. ఏడుస్తూనే వెళ్ళి తాడు కొస పట్టి ఒక్క గుంజు గుంజింది. ముడి ఊడిపోయింది. బస్సు కూడా అప్పుడే వెళ్ళిపోయింది.

లిదియమ్మ ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. "బిడ్డ తప్పేం లేదు సార్. నాకోసం భయపడి నోరు జారినాది. రాయాల్సింది నా మీద రాసుకోండి" అంది.

మస్తానయ్య బల్లమీది ఫారాన్ని గోటితో గీకి లేపబోయాడు. రాలేదు. వంగి అక్కడే రాయడం మొదలుపెట్టాడు. కాలరుకు గొడుగు ఊగుతూనే ఉంది.

"ముందు మాట్లాడింది నేను గదమ్మా" అన్నాడు తలెత్తకుండా.

ఆయన వెళ్ళాక చదివాం. పాఠం బాగుంది, టీచరును పర్మనెంటు చేయవచ్చు అని రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: "పాఠం మధ్యలో మొదట తెలుగు మాట్లాడినది తనిఖీ అధికారి. అవసరం పడినందున." అది చదివి నేను పడీపడీ నవ్వాను. బల్లతో సహా ఆ రిపోర్టును ఆత్మకూరుకు ఎలా పంపాలో తెలియక హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. చివరికి తడిగుడ్డ వేసి ఊడదీసి పంపారు.

ఏప్రిల్ ఆఖరి రోజున లిదియమ్మ ఏటా అప్పగించి పోయినట్టే సుద్దముక్కల డబ్బా, హాజరు పట్టీ తెచ్చి హెడ్మాస్టరు బల్లమీద పెట్టింది. ఆయన చూసి, డబ్బాను ఆమె వైపు తోశాడు.

"ఇదెందుకు తెచ్చినావమ్మా? నీ దగ్గరే ఉండనీ."