పన్నెండో ఫారం

నవల ఇంకా దుకాణాల్లోకి రాకముందే దాని ముగింపుని ముప్పై ఎనిమిది మంది మెచ్చుకున్నారు. ముప్పై తొమ్మిదో ఆయన ముగింపు జోలికి పోకుండా అట్ట బాగుందని మాత్రం రాశాడు. ఉన్నదాన్ని మెచ్చుకున్నది ఆయనొక్కడే. ఎందుకంటే మేం పంపిన ప్రతుల్లో ముగింపు లేదు.

లేకపోవడానికి కారణం కొంత నేను, కొంత ప్రెస్సు ఫోర్‌మన్ బాబాయి. ఎవరి వాటా ఎంతో ఇప్పటికీ తేలలేదు.

మా ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దేది నేను. పుస్తకం పదహారేసి పేజీల చొప్పున అచ్చవుతుంది. ఆ పదహారు పేజీల్ని ఒక ఫారం అంటాం. ఈ నవలకి పన్నెండు ఫారాలు. పన్నెండోది అచ్చుకి వెళ్ళే ముందు రచయిత్రి ఫోన్ చేసి, ఒక్క వాక్యం మార్చాలి, రెండ్రోజులు ఆపమంది. నేను బాబాయికి పన్నెండోది ఆపమని చెప్పి, ప్రూఫు నా బల్ల మీద పెట్టుకున్నాను. ఈలోగా ప్రచారం చూసే మేడమ్ బాబాయికి ఫోన్ చేసి, ముందుగా పంపాల్సిన నలభై ప్రతులు శుక్రవారానికల్లా కావాలని పీకల మీద కూచుంది. ఆయన తన దగ్గరున్న ఫారాలన్నీ కుట్టి, అట్ట వేసి పంపించేశాడు. ఆయన దగ్గరున్నవి పదకొండు.

"నువ్వు ఆపమన్నది పన్నెండోదాన్నే కదమ్మా," అన్నాడు తర్వాత. "దాన్ని ఆపాను. మిగతావి ఆపమని నాకెవరు చెప్పారు?"

తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు.

పుస్తకం వాక్యం మధ్యలో తెగిపోయి ఉంటే ఎవరో ఒకరు అడిగేవారు. మా ఖర్మ కొద్దీ పదకొండో ఫారం ఒక నిండు వాక్యంతో ముగిసింది: 'ఆమె తలుపు తీసింది.'

పదిహేను, పదహారేళ్ళ పిల్లల కోసం రాసిన ప్రేమకథ అది. అందులో ఒక నగరం ఉంటుంది. అక్కడ పదిహేడేళ్ళు నిండగానే జతల శాఖ ఒక రంగు కార్డు చేతిలో పెడుతుంది. ఎరుపు కార్డు వాళ్ళు ఎరుపు వాళ్ళనే ప్రేమించాలి, నీలం వాళ్ళు నీలం వాళ్ళనే. ఎరుపు కార్డు పిల్ల నీలం కార్డు పిల్లాణ్ణి ప్రేమిస్తుంది. కాపలావాళ్ళు, సొరంగం, ఒక గాయం, వానలో ఒక ముద్దు అన్నీ అయ్యాక నగరం పొలిమేరలో ఇనుప తలుపు తీస్తుంది. పన్నెండో ఫారానికి ఏడాది గడిచి ఉంటుంది. తలుపుకి అవతల ఏ శాఖా లేదు. ఒక గది, ఒక బకెట్. నీళ్ళు ఎవరు తేవాలన్న దాని మీద ఇద్దరూ పోట్లాడుకుంటూ ఉంటారు. నవలంతా రాసింది ఆ పదహారు పేజీల కోసమేనని రచయిత్రి నాతో ఒకసారి అంది.

ఆ మార్చిన వాక్యం వచ్చి, తప్పు నా కంటపడేసరికి పది రోజులైంది. అప్పటికే మేడమ్ 'తలుపు తీయండి' అనే ప్రచారం మొదలుపెట్టేసింది. ఏదో ఒక తలుపు తీస్తూ ఫొటో దిగి ఫోన్లో పెట్టాలి. రెండు వేల మంది పెట్టారు. కారు తలుపులు, లిఫ్టు తలుపులు, బీరువా తలుపులు. ఎక్కువ మంది ఫ్రిజ్ తలుపు తీశారు. పుస్తకం చదివినవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు.

నేను పన్నెండో ఫారం పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన మేడమ్ వైపు చూశాడు. మేడమ్ సమీక్షల కట్ట వైపు చూసింది.

"'పాఠకుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టిన సాహసం' అని రాశారండి," అంది మేడమ్. "'ఎక్కడ ఆపాలో తెలిసిన కలం' అని ఇంకొకరు. ఇప్పుడు వెళ్ళి, అయ్యా, ఆవిడ ఆపలేదు, మేమే కుట్టడం మర్చిపోయాం అని చెప్పమంటారా?"

"అసలు ఇందులో ఏముంది?" యజమాని నా చేతిలోని కాగితాలు తీసుకుని తిరగేశాడు. "బకెట్టా?"

"బకెట్టేనండి," అన్నాను.

"బకెట్టుని పట్టుకుని నేనేం ప్రచారం చెయ్యను?" అంది మేడమ్.

మర్నాడు రచయిత్రిని పిలిపించారు. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. భోజనం వేళలో తెల్లకోటు విప్పకుండానే వచ్చింది. యజమాని స్వయంగా కుర్చీ లాగి వేశాడు. ఆయన ఎవరికైనా కుర్చీ వేస్తే వాళ్ళ దగ్గర ఏదో తీసుకోబోతున్నాడని ఆఫీసులో అందరికీ తెలుసు.

"మొదటి ముద్రణ అయిదు వేలు వేస్తున్నామమ్మా. పదకొండు ఫారాలతో."

"పన్నెండు కదండీ."

"అందరూ పదకొండింటినే నెత్తిన పెట్టుకున్నారు. పన్నెండోది కూడా పెడితే బరువైపోతుంది."

"నేను రాసిందే ఆ పన్నెండోదాని కోసం."

"రాశారు కదా. ఆ తృప్తి మీకెలాగూ ఉంది. మీరు ఒప్పుకోకుండా మేం ఒక్క పేజీ తియ్యం. ఒప్పందంలో అలాగే రాసుంది." ఎందుకు రాశామా అన్నట్టు తల గోక్కున్నాడు. "సోమవారం పొద్దున అచ్చు మొదలవ్వాలి. ఆదివారం ఆవిష్కరణ కాగానే ఏదో ఒక మాట చెప్పండి."

మెట్ల దగ్గర ఆవిడ నన్ను ఆపింది. "ఆ పేజీలు నువ్వు చదివావు కదమ్మాయ్. ఎలా ఉన్నాయి?"

"అచ్చుతప్పులు మూడున్నాయండి," అన్నాను.

ఆవిడ అడిగింది అది కాదని నాకు తెలుసు. కానీ నా వల్ల ఊడిపోయిన పేజీల్ని నేనే బాగున్నాయంటే, తప్పు కప్పిపుచ్చుకుంటున్నట్టు ఉంటుంది. ఆవిడకి అర్థమైనట్టే ఉంది, మళ్ళీ అడగలేదు.

"ఇవి చదివి నిజం చెప్పే మనిషి ఒక్కరు దొరికితే చాలు, తేల్చుకుంటాను," అంది. "ఆదివారం ఆ కాగితాలు నీ సంచిలో పెట్టుకుని రా."

ఆవిష్కరణ గ్రంథాలయం పై అంతస్తులోని హాల్లో, మధ్యాహ్నం మూడింటికి. వేదిక మీద అట్టలతో ఇనుప తలుపు లాంటిది చేసి నిలబెట్టారు. అతిథులు దాన్ని తెరుచుకుని రావాలి. ముఖ్య అతిథి రిటైరైన ప్రిన్సిపాల్, ముప్పై ఎనిమిది మందిలో ఒకరు. లాగాల్సిన తలుపుని ఆయన నెట్టాడు. అది చట్రంతో సహా ఆయనతో పాటే వేదిక మధ్యకి నడిచి వచ్చింది. అందరూ అది కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆవిష్కరించడానికి పుస్తకం ఇంకా అచ్చు కాలేదు గనక, ఆయనకి ముందు పంపిన ప్రతినే అడిగి తీసుకుని, రంగు కాగితం చుట్టి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చారు.

హాలు గుమ్మంలో ఒకమ్మాయి వచ్చినవాళ్ళకి రంగు కార్డులు పంచుతోంది. అది మేడమ్ ఆలోచన. ఎరుపు వాళ్ళు ఎడమ వైపు, నీలం వాళ్ళు కుడి వైపు. నేను వెనక వరసలో ఉన్నాను. నా ముందే ఒక తల్లీ కూతురూ వచ్చి కూర్చున్నారు. కార్డుల అమ్మాయి వెనకాలే వచ్చింది.

"ఆంటీ, మీది ఎరుపు. మీరు ఆ వైపు."

"మా అమ్మాయి ఇక్కడుంది కదమ్మా."

"తనది నీలం ఆంటీ."

తల్లి కూతురి వైపు తిరిగింది. "ఇంతకీ పుస్తకం దేని గురించే?"

"ఇలా విడదీస్తే ఒప్పుకోని వాళ్ళ గురించి."

"అయితే మంచిదే," అని తల్లి సంచి ఒళ్ళో పెట్టుకుని సర్దుకు కూర్చుంది. కార్డుల అమ్మాయి రెండు నిమిషాలు నిలబడి, ఇంకొకరిని విడదీయడానికి వెళ్ళింది.

యజమాని మైకు అందుకున్నాడు. "ఈ నవల స్వేచ్ఛ గురించి. మా సంస్థ ప్రాణం కూడా అదే. రచయిత రాసిందాంట్లో మేం ఏనాడూ వేలు పెట్టలేదు, పెట్టబోం," అన్నాడు. రచయిత్రి తన గోళ్ళ వైపు చూసుకుంది.

తర్వాత ప్రశ్నలు. అడగాల్సినవి మేడమ్ ముందే చీటీల మీద రాసి అయిదుగురికి పంచింది. నాలుగో చీటీ ఆయన కంగారులో మూడో చీటీ ఆయన కంటే ముందే అడిగేసి మేడమ్ చూపులకి గురయ్యాడు. అయిదోది కూడా అయ్యాక, నా ముందున్న పిల్ల ఏ చీటీ లేకుండా లేచి నిలబడింది. మా నలభై ప్రతుల్లో ఒకటి వాళ్ళ స్కూలు లైబ్రరీకి వెళ్ళిందట.

"తలుపు తీశాక ఏమైందండీ?"

రచయిత్రి నోరు తెరిచేలోగా ప్రిన్సిపాల్ గారు మైకు లాక్కున్నారు. "అదేనమ్మా ఇందులో గొప్పతనం. అది నీ ఊహకే వదిలేశారు."

"ఊహించుకోవడానికైతే నాకు పుస్తకం అక్కర్లేదండి," అంది పిల్ల. "పేజీలు ఊడిపోయాయేమోనని మా లైబ్రరీ టీచర్ని అడిగాను. నేనే చింపేశానని తిట్టారు."

హాలంతా నవ్వింది. రచయిత్రి ఒక్కతే నవ్వలేదు. వేదిక మీది నుంచే నా సంచి వైపు చూసింది.

కార్యక్రమం అయ్యాక అందరూ టీ దగ్గరికి కదిలారు. ఆవిడ నా దగ్గరికొచ్చి కాగితాలు తీసుకుంది. వరండాలో బెంచీ మీద తల్లీ కూతురూ చెప్పులు సవరించుకుంటున్నారు.

"పేజీలు నిజంగానే ఊడిపోయాయి. ఇవిగో," అంది ఆవిడ పిల్లతో. "చదివి ఉన్నదున్నట్టు చెప్పు. నేను రాశానని మొహమాటపడకు."

"దీనికి మొహమాటమే ఉంటే నాకిన్ని తిప్పలెందుకండీ," అంది తల్లి.

పిల్ల చదువుతున్నంతసేపూ రచయిత్రి గోడ మీది గ్రంథాలయ నిబంధనలు చదివింది. మూడుసార్లు చదివినట్టుంది.

"అయిపోయిందండి."

"ఎలా ఉంది?"

"నచ్చలేదు," అంది పిల్ల. "ఇదంతా మా ఇల్లులాగే ఉంది. మా నాన్న కూడా అంతే, కుళాయి పక్కనే కూర్చుని నీళ్ళు లేవంటాడు. దీనికోసం అంత సొరంగం పాక్కుంటూ రావాలా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. "మరి వెనక్కి వెళ్ళిపోతే నయమంటావా?"

"వెనక్కెందుకు వెళ్తారు?" పిల్ల ఆఖరి పేజీ మళ్ళీ తిరగేసింది. "అక్కడ ఎవరితో పోట్లాడాలో కూడా కార్డు మీదే రాసుంటుంది కదా. వెళ్ళరు. కానీ నాకు నచ్చలేదు."

ఈలోగా తల్లి కళ్ళజోడు తగిలించుకుని కాగితాలు తన ఒళ్ళోకి లాక్కుంది. రెండో పేజీలో ఫక్కున నవ్వింది.

"ముందుది చదవకుండా నీకేం అర్థమవుతుందమ్మా?"

"నీళ్ళు ఎవరు తెస్తారా అని చూస్తున్నా. అడ్డురాకు."

యజమాని టీ కప్పుతో వచ్చాడు, వెనకాల మేడమ్. "పాపకి కూడా నచ్చలేదని వినపడింది. ఇక ఖాయం చేసేద్దామా అమ్మా?"

"నచ్చలేదండి. చదివి చెప్పింది," అంది రచయిత్రి. "మెచ్చుకున్న వాళ్ళెవరూ ఈ పేజీల మొహం చూడలేదు. పన్నెండూ వెయ్యండి."

"ఆలోచించి చెప్పండి. తొందరేం లేదు."

"రాసిందాంట్లో వేలు పెట్టబోమని మైకులో చెప్పారు కదండీ. నేను నమ్మాను."

యజమాని కప్పు ఎత్తి తాగాడు. అది అప్పటికే ఖాళీ. మేడమ్ గోడకానుకుని ఫోన్ తీసింది. "పోనీలెండి, ముగింపు లేని ప్రతులు లోకంలో నలభయ్యే ఉన్నాయని పెడతాను," అంటూ టైపు చేయడం మొదలుపెట్టింది.

నా ఫోన్ మోగింది. ప్రెస్సు నుంచి బాబాయి.

"ఏమ్మా, పన్నెండోది ఉన్నట్టా, లేనట్టా?"

"ఉంది బాబాయ్. దిద్దిన ప్రతి నా దగ్గరే ఉంది."

"అయితే తెచ్చెయ్. పొద్దున్నే మొదలెట్టాలి."

బెంచీ వైపు చూశాను. కూతురు చెప్పులేసుకుని మెట్ల దగ్గర నిలబడి పిలుస్తోంది. తల్లి తలెత్తకుండానే చేత్తో ఆగమంటోంది. రచయిత్రి ఆవిడ పక్కన కూర్చుంది, ఏమీ అడగకుండా.

"కాసేపాగాలి. ఒకావిడ చదువుతున్నారు," అన్నాను.

"ఎవరావిడ? ప్రూఫులకి ఇంకో మనిషిని పెట్టారా?"

"లేదు బాబాయ్. ఊరికే చదువుకుంటున్నారు. ఇంకా నాలుగు పేజీలున్నాయి."