రంగు కింది ఇనుము

ఎర్తు బాబాయి ఏడో అంబులెన్సు ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని, ఆ ఉదయం మూడోసారి దాని మూత విప్పాడు. లోపల గ్రీజులో కూరుకుపోయిన, చక్రంలో పుట్టే విద్యుత్తును ఇరుసుకు దించే చిన్న స్ప్రింగు ఉండవలసిన చోటనే, ఉండవలసిన బిగువుతోనే ఉంది. దానిమీద ఏ నేరమూ మోపే వీలులేక, మూతను మళ్లీ బిగించి, అరచేతులు గుడ్డపీలికతో తుడుచుకున్నాడు. పొట్టి మనిషి. మోచేతులదాకా మసి, కుడి బొటనవేలి గోరు ఎన్నడో స్పానరు కింద పడి సగమే మిగిలింది.

"ఆ చక్రాన్ని వదిలెయ్ బాబాయ్. పాపం, అదేం చేసింది నిన్ను?" అన్నాడు డ్రైవరు, బండి మెట్టుమీద కూర్చుని టీ ఊదుకుంటూ.

"నువ్వు టీ తాగు. ఆరింటిలోపు దీని గొంతు బాగుచెయ్యకపోతే నేను ఇంటికెళ్లి మొహం చూపించలేను."

అందులో అతిశయోక్తి లేదు. అతని ఇల్లాలు పై అంతస్తులోని కంట్రోలు గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా అంబులెన్సుల రేడియో ముందు కూర్చుంటోంది. ఆ సాయంత్రం ఆరు గంటలకు ఆ కొలువు ముగుస్తుంది. పది రోజులుగా ఏడో బండి పలికినప్పుడల్లా పేలాలు వేయిస్తున్న చప్పుడు తప్ప మాట తెలియడం లేదని ఆమె భోజనాల దగ్గర చెప్పింది. చివరి రోజుకైనా ఆ బండిని శుభ్రంగా మాట్లాడిస్తానని అతడు మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట మెడలో గంటలా మోగుతోంది.

పొడిగాలి రోజుల్లో రోడ్డుమీద పరుగెత్తే బండికి ఒంటినిండా విద్యుత్తు పడుతుంది. దిగే దారి చూపకపోతే అది ఒక రేకునుంచి మరో రేకుమీదికి గెంతుతుంది. ఆ గెంతులే రేడియోలో చిటపటలు. బానెట్టును, తలుపులను, పొగగొట్టాన్ని అల్లిన రాగి పట్టీలతో బండి అడుగు చట్రానికి, అంటే ఛాసిస్‌కు కలిపి, విడివిడి రేకులన్నిటినీ ఒక్క ఇనుముగా చేయడమే అతని ఉద్యోగం. వేరన్న భావం ఉన్నంతకాలం రొద తప్పదనీ, కలిస్తే శాంతి అనీ పెద్దలు ఆత్మను గురించి చెప్పిన మాట బండ్ల విషయంలోనూ అక్షరసత్యమని అతడు నమ్మాడు. ఏ ఫిర్యాదు వచ్చినా ముందుగా "ఎర్తు చూశావా?" అనడం వల్లనే ఆ పేరు స్థిరపడింది.

పెళ్లికూడా ఆ ప్రశ్నవల్లనే అయింది. కొత్తగా చేరిన ఆపరేటరమ్మకు మైకు ముట్టుకున్నప్పుడల్లా షాకు కొడుతోందంటే చూడబోయి, ఆమె ఊలు శాలువా ప్లాస్టిక్ కుర్చీకి రాసుకోవడమే కారణమని తేల్చి, ఆమె చెయ్యి ఆనే కుర్చీ చేతికి తీగ చుట్టి ఎర్తు చేశాడు. తీగ సరిగా ఉందో లేదో చూసే మిషమీద నెలరోజులు ఎక్కి దిగాడు. మెట్లు అరిగాయిగాని తీగకు ఏమీ కాలేదని డిపోలో నేటికీ చెప్పుకుంటారు.

పదకొండు గంటలకు డ్రైవరును తీసుకుని రోడ్డెక్కాడు. వాలులో ఇంజను ఆపించాడు, చిటపటలు ఆగలేదు. కనుక దోషం ఇంజనుది కాదు. చక్రాల విద్యుత్తు బండిలోకి దిగేలా బ్రేకు మెల్లగా తొక్కించాడు, తగ్గలేదు. కనుక చక్రాలదీ కాదు. తిరిగివచ్చి, రాగి పట్టీలన్నీ మిలమిలలాడుతున్నా, ఎందుకో మీటరు తెచ్చి బానెట్టుకూ ఛాసిస్‌కూ మధ్య పెట్టాడు. రెండూ కలిసి ఉంటే కదలవలసిన ముల్లు కదలలేదు.

పట్టీ బోల్టు విప్పి చూశాడు. దాని కింద, పచ్చి ఇనుము ఉండవలసిన చోట, తెల్లని రంగు విద్యుత్తుకు అడ్డంగా అద్దంలా మెరుస్తోంది.

పదిరోజుల కిందటే బండికి రంగు వేశారు. పెయింటరును పిలిపించాడు.

"పట్టీ కింద కూడా రంగేశావేంట్రా?"

"నువ్వే కదా బాబాయ్ అన్నావు, చుక్కంత ఇనుము కనిపించినా తుప్పు పడుతుంది, నీ సంగతి చూస్తానని. అన్నీ విప్పి, రెండు పూతలేసి, మళ్లీ బిగించా."

ఊరందరికీ ఎర్తు చెప్పినవాడు తన నోటితోనే ఎర్తు తెంపించాడు. బాబాయి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"నీ తప్పేం లేదులే. ఆ రెండో పూత నా నోటికి వేసుంటే సరిపోయేది."

మధ్యాహ్నమంతా ఉప్పుకాగితంతో గీకాడు. బానెట్టు, రెండు తలుపులు, పొగగొట్టం అయ్యాయి. మిగిలింది పైకప్పుమీది యాంటెన్నా పీఠం. అంతలో ఆస్పత్రి నుంచి ఒక ముసలమ్మను ఇంటికి దిగబెట్టాలని పిలుపు వచ్చింది. డ్రైవరు తాళం తిప్పాడు.

"దిగు బాబాయ్, నాలుగున్నరయింది."

"ఒక్క బోల్టు రా."

"నిన్ను పైకప్పుమీద పెట్టుకునే బయల్దేరమంటావా?"

బోల్టు బిగిసింది. బాబాయి దిగి నిచ్చెన పక్కకు లాగగానే బండి గేటు దాటింది. అతడు షెడ్డులోని రేడియో సెట్టు దగ్గర నిలబడ్డాడు. సగం గోరున్న వేలు బల్ల అంచును గీరుతోంది.

"ఏడో బండీ, కంట్రోల్. ఎక్కడున్నారు?" అంది సెట్టులో ఇల్లాలి గొంతు.

"వంతెన దిగుతున్నామమ్మా."

మాటకు ముందు నిశ్శబ్దం. మాటకు తరువాత నిశ్శబ్దం. కడిగిన పలకలా ఉంది. కొంతసేపటికి ఆమె గొంతు మళ్లీ వచ్చింది.

"షెడ్డు, కంట్రోల్."

"చెప్పండి కంట్రోల్." ఇన్నేళ్లలో గాలిమీద వారిద్దరూ ఇంతకుమించి చనువు చూపింది లేదు.

"ఏడో బండి డ్రైవరుకి జలుబు చేసినట్టుంది. ముక్కు ఎగపీలుస్తున్నాడు. అది కూడా వినిపిస్తోందండీ."

బాబాయి వేలు బల్ల గీరడం ఆపింది. "మందు వేసుకోమని చెప్పండి" అన్నాడు.

ఆరింటికి చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, మెట్లెక్కాడు. కొత్త ఆపరేటరు అప్పటికే పక్క సెట్టు దగ్గర కూర్చుంది. ఆమె లాగ్‌బుక్కులో ఆఖరి గీత గీసి, సంతకం చేసి, పెన్ను మూత పెట్టింది. బల్లమీద చిక్కుడుగింజంత దూది ఉండ కనిపించింది.

"ఇదేంటి?"

"పదిరోజుల నుంచీ ఎడమ చెవిలో డ్యూటీ చేసిందండీ. దూది సంగతి మీకు చెబితే తిండి మానేసి బండి కింద పడుకుంటారని చెప్పలేదు. నాలుగున్నరకి తీసేశా."

"మరి పారేయకపోయావా?"

"నాతోపాటే రిటైరవుతుందిలెండి. పదండి, పొద్దుపోతోంది."

నవ్వుకుంటూ మెట్లు దిగారు. ఆమె లేని బల్లమీద, ఫ్యాను గాలికి ఒకసారి దొర్లి లాగ్‌బుక్కును ఆనుకుని ఆగిన దూది ఉండ, ఇంకా ఆమె చెవి ఆకారంలోనే ఉంది.