మూత తీస్తే మొహం తిప్పుకోవాలి

నేను ఒక నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును. ఒకప్పుడు నన్ను చూసి మనుషులు లొట్టలు వేసేవారంటే మీరు నమ్మరు. ఫ్యాక్టరీలో పుట్టగానే నన్ను చిత్తూరు వైపు పంపి, కడుపునిండా మామిడి గుజ్జు పోశారు. గుజ్జు రోజులు అయిపోయాక మదనపల్లె దగ్గర ఒక బాలికల హాస్టల్లో నీళ్లు మోశాను. అంచు విరిగి అందం చెడ్డాక వంటగది వెనక్కి నెట్టి, పిల్లలు వదిలేసిన అన్నం, సాంబారు, కూరగాయల తొక్కలు నాలో వేయడం మొదలుపెట్టారు. అప్పటినుంచి నా మూత తీసిన ప్రతివాళ్లూ ముందు మొహం పక్కకు తిప్పుకొనేవాళ్లే. వదిలేసింది వాళ్లు, కంపు మాత్రం నాదట!

ఆ ఎంగిలిని వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి రెడ్డెమ్మ. ఇంటి పక్కనే ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని పుట్టగొడుగులు పెంచుతోంది. నన్నూ తన ఇంటికే తెచ్చుకుని, హాస్టల్ ఎంగిలి మోసుకొచ్చి నాలో పోసేది. వరిగడ్డి, కోళ్ల ఎరువు, నాలోని ఎంగిలి కలిపి కుప్ప పోసి, మూడు నాలుగు రోజులకోసారి తిరగేసేది. లోపల అది కుతకుత ఉడికేది. చివరికి ముక్కు మండించే ఘాటు పోయి మట్టివాసన రావాలి. అప్పుడే పుట్టగొడుగుల విత్తనం కలపాలి. మొదటిసారి ఆమె తొందరపడింది, విత్తనమంతా చచ్చిపోయింది. రెండోసారీ అంతే అయితే ఖాళీ చేయమని షెడ్డు యజమాని ఖరాఖండిగా చెప్పేశాడు.

ఆమె అత్త చెంగమ్మకు ఈ వ్యవహారమే గిట్టదు. నా పక్కనుంచి పోవాల్సి వస్తే కుచ్చిళ్లు పైకెత్తి మరీ నడిచేది.

"ఊళ్లోవాళ్ల ఎంగిలంతా మోసకొచ్చేదేందే? దాంట్లో పుట్టిండేది ఎవురు తింటారు?" అని సణుగుతూనే ఉండేది.

రెండో కుప్ప తయారవుతుండగా రెడ్డెమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. మర్నాడు నా మూత తీసింది. లోపల మూడు రోజుల సాంబారు. ఆమె మొహం తిప్పుకోలేదు సరికదా, వంగి తీరిగ్గా లోపలికి చూసింది. నాకూ ముక్కు లేదు కనుక ఆమె సంగతి నాకు ఇట్టే తెలిసిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. రోజూ పిడికెడు ఎరువు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకొక దినం ఉండనీ" అనేది. పైకి ధీమా, లోపల దడ. ఇంతలో విత్తనం ప్యాకెట్లు వచ్చేశాయి. అవి నాలుగు రోజులకు మించి ఆగవు. ఆ ఉదయం నాకు ఆనుకుని కూర్చుని, చేతిలో ఎరువుతోనే ఏడ్చింది.

చెంగమ్మ వాకిట్లోంచి చూసింది. "ఆ డ్రమ్ము మూత తీసి పెట్టుకోని మొగం కూడా తిప్పుకోవేందే? ముక్కు పన్జేస్తా లేదా?"

"లేదత్తా. జొరం వచ్చినప్పట్నుంచీ ఏ వాసనా తెలుస్తా లేదు. ఎవురికీ చెప్పొద్దు."

చెంగమ్మ కొంగు నడుముకు దోపుకుని, "ఛీ ఛీ" అంటూనే కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. పిడికెడు తీసి వాసన చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకా ఘాటుండాదే. ఇప్పుడేస్తే సచ్చిపోతాది."

ఇద్దరూ కలిసి కుప్పను మళ్లీ తిరగేశారు. మర్నాడూ అదే మాట. మూడోనాడు పొద్దున్నే రెండుసార్లు వాసన చూసి, "వానకు తడిసిన మన్ను మాదిరుండాది. ఏసెయ్ పో" అంది. ఆ వెంటనే వెళ్లి తలకు పోసుకుందనుకోండి, అది వేరే సంగతి.

పది రోజులకల్లా ఎరువంతా తెల్లటి పోగులు అల్లుకున్నాయి. షెడ్డులోంచి రెడ్డెమ్మ వేసిన కేక నాదాకా వినిపించింది. ఆ తర్వాత పుట్టగొడుగులూ వచ్చాయి, యజమాని నోరూ మూతపడింది. తొలి కోత కూర వండితే చెంగమ్మ, "ఉప్పు చాలిందో లేదో చూస్తా" అని మొదలుపెట్టి గిన్నె ఖాళీ చేసింది.

మొన్న రెడ్డెమ్మ మూడో కుప్ప కోసం నా మూత తీసింది. తీసీ తీయగానే మొహం పక్కకు తిప్పుకుంది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ వంగి వాసన చూసింది.

"అత్తా! కంపు! కంపు కొడతా ఉండాది!"

చెంగమ్మ పరుగెత్తుకొచ్చింది. "కంపు కొట్టక మల్లెపూల వాసనొస్తాదా, పిచ్చిదానా!" అంటూ తన కళ్లు తుడుచుకుంది. రెడ్డెమ్మ నవ్వుతూ, ఏడుస్తూ నన్ను రెండు చేతులా వాటేసుకుంది.

మామిడి గుజ్జు మోసిన రోజుల్లో కూడా నన్ను చూసి ఎవరూ అంతగా సంతోషించలేదు.