రంగు వెయ్యని స్లైడు వెలిగింది

ప్రయోగశాలలో అందరూ ఏదో ఒకటి వెలగబెడుతున్నామనే అంటారు. అక్కడ పరిశోధన చేసే పిల్లమేడం మాత్రం నిజంగానే వెలగబెడుతుంది. కణాల లోపల ఉండే కేంద్రకాలకు నీలం రంగు అంటిస్తుంది. అతినీలలోహిత కాంతి తగలగానే అవి మిణుగురుల్లా మెరుస్తాయి. మూడు నెలల ఆ పని ఈ సాయంత్రం పేపరుగా సైన్సు పత్రికకు వెళ్లాలి. ప్రయోగశాల నడిపే పెద్దమేడం షరతు ఒక్కటే: రంగు వెయ్యని స్లైడు ఒకటి కొత్తగా చేసి తన ఎదుట చూపించాలి. అది చీకటిగా ఉంటేనే మిగతా వెలుగంతా రంగుదని నమ్మకం. వెలిగిందా, మూడు నెలల శ్రమా ఆరిపోయినట్టే.

మూడింటికి మైక్రోస్కోపు కింద పెట్టారు. స్లైడు వెలిగింది. పిల్లమేడం ముఖం వెలవెలబోయింది.

"రంగు సీసా మూతే తియ్యలేదు మేడం."

"మరి ఎవరు వెలిగించినట్టు? నాలుగింటిలోగా తేల్చు. లేదంటే పేపరు ఆపేద్దాం" అని పెద్దమేడం గదిలోకి వెళ్లిపోయారు.

మైక్రోస్కోపు ఆపరేటరు అందరికీ బాబాయే. కళ్లద్దాలు నుదుటికెత్తి చూశాడు.

"అమ్మాయ్, కణాలు గుండ్రంగా కదా ఉండాలి? ఇవన్నీ దారప్పోగులు. నువ్వు చేసేది పరిశోధనా, కుట్టుపనా? పైన పెట్టే అద్దం ముక్క దేంతో తుడిచావు?"

"కోటు అంచుతో. ఎప్పుడూ అంతే కదా."

"తుడిచే కాగితాలు పెట్టెడుంటే కోటుతోనా తల్లీ."

బాబాయ్ లైట్లార్పి, అతినీలలోహిత దీపం ఆమె మీదికి తిప్పాడు. కోటు కోటంతా నీలంగా మెరిసింది.

"ఇది కోటు కాదమ్మా, కోటి దీపాలు."

ఆమె భర్తకు ఫోన్ చేసింది. "నా కోటు దేంతో ఉతికారు?"

"తెల్లగా రావాలని మెరుపు పౌడరు రెండు గుప్పిళ్లు ఎక్కువేశాను. మాసిపోయిందా?"

"మెరిసిపోయింది. ఇంటికొచ్చి మిమ్మల్ని ఉతికి ఆరేస్తాను."

బట్టలకు తెలుపునిచ్చే ఆ పొడిలో ఉండేదీ వెలిగే రంగే. కోటు పోగులు అద్దానికి అంటుకుని స్లైడెక్కాయి. ఈసారి కాగితంతో తుడిచి కొత్త స్లైడు చేసింది. పెద్దమేడం చాలాసేపు చూశారు.

"ఏమీ కనబడటం లేదు. చాలా బాగుంది. కానీ పాత స్లైడ్లూ కోటుతోనే తుడిచావు కదా?"

బాబాయ్ అప్పటికే వాటిని తీసి చూశాడు. ఒక్క పోగూ మెరవలేదు.

పిల్లమేడం తల దించుకుంది. "ఈ మూడు నెలల్లో కోటు ఉతకడం నిన్నే మొదటిసారి మేడం."

పెద్దమేడం ఒకడుగు వెనక్కి జరిగారు. "పేపరు పంపేయ్. ఈ సంగతి మాత్రం అందులో రాయకు."