ఆఫ్ పాఠం చెప్పిన రోజు

షార్జాలో మా బడి బస్సులు ఉదయం పిల్లల్ని దింపాక మధ్యాహ్నం దాకా ఖాళీగా నిలబడి ఉంటాయి. బస్సుల్లో పిల్లల్ని చూసుకునే ఆయాలు అప్పటిదాకా డ్రైవర్ల గది పక్కన చిన్న గదిలో కూర్చుంటారు. మంగళవారం మూడో పీరియడ్ నాకు ఖాళీ. ఆ నలభై నిమిషాలు వాళ్లకు ఇంగ్లిషు చెబుతాను. రోజుకు ఒక మాట.

ఆ రోజు మాట ఆఫ్. పొద్దున లేస్తే వాళ్ల చెవిన పడే మాటే కదా, ఎక్కడెక్కడ విన్నారో చెప్పమన్నాను. ఆదివారం ఆఫ్ అని ఒకరు, గదిలో ఏసీ ఆఫ్ అని ఒకరు, మా డ్రైవర్‌కి రోజూ మూడ్ ఆఫే అని ఇంకొకరు. బస్సు దిగడానికి, బూట్లు విప్పడానికి, విమానం నేల విడవడానికి, పాలు విరిగిపోవడానికి కూడా ఆ మాటే వాడతారని నేను చెప్పాను. జగిత్యాల వైపు నుంచి వచ్చిన లింగవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"దీనికి సొంతిల్లు లేదా టీచరమ్మా? మా ఆడిబిడ్డ లెక్క ఇంటింటికి తిరుగుతది."

అందరూ నవ్వారు. ఆ ఊపులో లింగవ్వ తన బస్సు సంగతి చెప్పింది. ఇంజను ఆఫ్ చేయగానే బస్సులో కీచుమని మోత మొదలవుతుంది. ఆయా చివరి సీటు దాకా నడిచి, ఎవరైనా పిల్లలు నిద్రపోయి ఉండిపోయారేమో సీట్ల కింద కూడా చూసి, వెనక ఉన్న బటన్ నొక్కితేనే అది ఆగుతుంది. "నా ఫోన్ గూడ ఆఫే ఇయ్యాల. చార్జింగ్ పెడ్తనని అక్తరక్క తీస్కపోయింది" అని ముగించింది.

అక్తర్ బీ నవ్వలేదు. రాయచోటి మనిషి. లింగవ్వతో ఒకే గదిలో ఆరేళ్లుగా ఉంటోంది. లేచి బయటికి వెళ్తూ నన్ను చూసింది. నేనూ వెళ్లాను.

వరండాలో సంగతి చెప్పింది. తెల్లవారుజామున ఊళ్లో లింగవ్వ తల్లి చనిపోయింది. లింగవ్వ ఫోన్ ఎత్తకపోతే ఆమె అన్న రాజేశ్వర్ అక్తర్ బీకి చేశాడు. చెల్లెలు వచ్చేదాకా ఉంచమంటారా అని అడిగాడట. సెలవు దొరుకుతుందో లేదో, మీరు కానిచ్చేయండి అని అక్తర్ బీ చెప్పేసింది. పోయినవాళ్ల మట్టిని ఎక్కువసేపు నిలబెట్టకూడదని ఆమె నమ్మకం. వాళ్లలో పోయిన రోజే ఖననం చేస్తారు, ఎవరి కోసమూ ఆపరు. తన తండ్రి పోయినప్పుడు గదిలోవాళ్లు ఆమెకు ఎనిమిది రోజుల తర్వాత చెప్పారు. ఇక్కడ అది మామూలే. టికెట్ చేతికి వచ్చాకో, అంతా ముగిశాకో చెబుతారు.

ఊళ్లో మూడింటికి ఎత్తుతారట. ఇక్కడి లెక్కన ఒకటిన్నర. అప్పుడు పది దాటింది.

లింగవ్వకు చెబుదామన్నాను.

"వద్దు టీచరమ్మా. ఇంకో మూడు గంటలన్నా దానికి అమ్మ ఉంటాది గదా."

అంతకుముందు ఏడాది నవంబరులో, జెబెల్ అలీ గోదాములో పని చేస్తున్న నా భర్త ప్రమోద్ పడిపోయి చనిపోయినప్పుడు ఆఫీసుకు ఫోన్ తొమ్మిదీ పదికి వచ్చింది. పాఠం మధ్యలో ఎందుకని నాకు పదీ యాభైకి చెప్పారు. ఆ మధ్యలో ఒక పిల్లవాడు రాసిన జవాబు చూసి నేను నవ్వాను. వాళ్లు నాకు మంచి చేశారో చెడు చేశారో ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ ఆ గంటన్నరలో నేను తేల్చి చెప్పవలసింది ఏమీ లేదు. లింగవ్వకు ఉంది.

"ఉంచాలో వద్దో చెప్పాల్సింది లింగవ్వ. ఫోన్ ఇవ్వండి" అన్నాను.

అక్తర్ బీ కొంగు ముడి విప్పి ఫోన్ ఇచ్చింది.

లింగవ్వను పక్కకు పిలిచి, మీ అమ్మ తెల్లవారుజామున చనిపోయింది అని చెప్పాను. అంతకన్నా మెత్తటి మాటలు నాకు తెలుసు. వాడలేదు. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఒకటే అడిగింది.

"తీస్కపోయిండ్రా?"

ఇంకా లేదన్నాను. ఫోన్ నేనే ఆన్ చేసి రాజేశ్వర్‌కు కలిపి ఇచ్చాను.

"అన్నా, ఉంచుండ్రి. నేనొస్తున్న" అంది.

ఫ్రీజర్ పెట్టె తెప్పిస్తాం, రేపు పొద్దుటిదాకా ఉంచుతాం అన్నాడు అవతల రాజేశ్వర్.

బస్సుల సూపర్‌వైజర్ ఇమామ్ హుస్సేన్ నెల్లూరాయన. సెలవు కాగితం మీద తనే సంతకం పెట్టించుకొచ్చి, సాయంత్రం హైదరాబాద్ విమానానికి టికెట్ చేశాడు. లింగవ్వ బస్సుకు ఆయా లేకుండా పోయింది. నేను వెళ్తానన్నాను.

మధ్యాహ్నం ముప్పై ఎనిమిది మంది పిల్లల్ని దింపాను. చివరి స్టాపు దాటాక డ్రైవర్ ఇంజను ఆఫ్ చేశాడు. మోత మొదలైంది. లింగవ్వ చెప్పినట్టే ప్రతి సీటూ చూస్తూ, వంగి కింద కూడా చూస్తూ నడిచాను. ఒక నీళ్ల సీసా దొరికింది. చివరిదాకా వెళ్లి బటన్ నొక్కాను.

మర్నాడు ఉదయం అక్తర్ బీ బస్సు పిల్లల్ని దింపుతుండగా నా ఫోన్‌కు లింగవ్వ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక డప్పులు మోగుతున్నాయి. అక్తర్ బీ దగ్గరికి వెళ్లి వినిపించాను.

"మొకం చూసిన టీచరమ్మా. నీళ్లు గూడ నేనే పోసిన. అక్తరక్కకు చెప్పు, నాకు కోపం లేదని."

అక్తర్ బీ కళ్లు తుడుచుకోలేదు. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. అది అయ్యాక బస్సెక్కి, చివరి సీటు వైపు నడిచింది.