మా ఊరి చిన్నోడు

మా ఊరి చిన్నోడికి యాభై ఎనిమిదేళ్ళు. ఆ చిన్నోడు మా ఆయనే. పేరు గిచోల్ అని ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచేది టౌన్లో డాక్టరు దగ్గరుండే నర్సు ఒక్కతే. ఆయన తరవాత ఊళ్ళో పుట్టినవాళ్ళంతా సియోల్‌కో పుసాన్‌కో చేరిపోయారు. మిగిలినవాళ్ళలో డెబ్బై దాటనిది మేమిద్దరమే. అందుకని యువజన సంఘానికి అధ్యక్షుడూ ఆయనే, సభ్యుడూ ఆయనే. ఎవరింట్లో బల్బు మాడినా, ఎవరి మేక తప్పిపోయినా, "ఒరే చిన్నోడా" అని ఒక కేక. విందుల్లో మాంసం కాల్చేదీ ఆయనే, పెద్దలకి సారా పోసేదీ ఆయనే. తన నోట్లో ముక్క పడేసరికి నిప్పులు ఆరిపోయి ఉంటాయి. నా తరవాత ఒక్కడంటే ఒక్కడు ఈ ఊళ్ళో ఉండకూడదా అని ముప్ఫై ఏళ్ళుగా ఏడుస్తూనే ఉన్నాడు. ఆడవాళ్ళలో చిన్నదాన్ని నేను. నేనూ ఏడవొచ్చు, కానీ నాకంత తీరిక లేదు.

ఇలాంటి ఊళ్ళోకి, చలికాలం ముందు, ఒక మధ్యాహ్నం పూట ఒక కుర్రాడు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. తైవాన్ వాడట, పేరు కాయ్‌షిన్. మా సముద్రతీరమంతా సైకిలు మీద చుట్టి చూద్దామని బయల్దేరితే, మా ఊరి ఎత్తు ఎక్కేటప్పుడు గొలుసు తెగింది. ఊరి సావిట్లో భోజనాలయ్యి అందరూ కాళ్ళు బారజాపుకుని ఉన్నారు. పేరడక్కుండా, ఎందుకొచ్చావని అడక్కుండా, ఓక్‌గ్వా అవ్వ ముందు వాడి వయసడిగింది. ఓక్‌గ్వా అనే ఊరి నుంచి కోడలిగా వచ్చింది గనక ఆవిడకి ఆ పేరు. తొంభై ఒకటి నడుస్తోంది. ఊళ్ళో ఆవిడ మాటే మాట.

కుర్రాడు ఠక్కున మోకాళ్ళ మీద కూలబడి, నేలకి నుదురు ఆనించాడు.

"మహారాణీ, ఈ దాసుడికి ఇరవై మూడు సంవత్సరములు. తమరి కరుణకు హద్దులు లేవు" అన్నాడు.

వాడు మా భాష నేర్చుకున్నది టీవీలో రాజుల కాలం సీరియళ్ళు చూసి. ఆ సంగతి తరవాత తెలిసింది. అప్పటికి మాత్రం సావిడంతా నోరు తెరిచింది. డెబ్బై ఏళ్ళుగా ఈ ఊళ్ళో మిరపకాయలు ఎండబోసుకుంటున్న మనిషిని మహారాణీ అన్నవాడు వీడొక్కడే. అవ్వ మెల్లిగా జుట్టు సవరించుకుంది.

అవ్వ సంగతి సరే, మా ఆయన మొహం చూడాలి. ఇరవై మూడు అన్న మాట చెవిన పడగానే వెలిగిపోయింది. మా పెళ్ళినాడు కూడా ఆ వెలుగు లేదు, ఫోటోలున్నాయి, కావాలంటే చూపిస్తాను. సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, పెదవి విరిచి, ఈ సామాను టౌన్లో దొరకదనీ, సిటీ నుంచి తెప్పించాలనీ, పది రోజులైనా పడుతుందనీ తేల్చేశాడు. దాన్ని మా సామాన్ల కొట్లో పెట్టి తాళం కూడా వేశాడు. కుర్రాడికి పడక మా ఇంట్లోనే. పడవ ఇంజన్లు కళ్ళు మూసుకుని విప్పి బిగించే మనిషికి సైకిలు గొలుసు ఒక లెక్కా? నాకు విషయం అర్థమైంది. అయినా నోరు మూసుకున్నాను. పాపం, ఎన్నాళ్ళకి దొరికాడు.

మర్నాటినుంచి "ఒరే చిన్నోడా" అంటే పలికేది కాయ్‌షిన్. "చిత్తం" అంటూ పరిగెత్తేవాడు. మా ఆయన సావిడి అరుగు మీద కాలు మీద కాలేసుకుని, బస్తా అలా కాదు ఇలా ఎత్తాలని వాడికి చెబుతూ కూర్చునేవాడు.

కుర్రాడికి మా ఊళ్ళో అన్నీ వింతలే. మొదటిరోజు చేపల పులుసు నోట్లో పోసుకుని పెద్దలంతా "అబ్బ, చల్లగా ఉంది" అనడం విని, వాడూ గిన్నెత్తి గటగటా తాగేశాడు. పులుసు ఇంకా కుతకుతలాడుతోంది. కళ్ళనీళ్ళు కారుతుండగా, మహారాణీ, ఇది చల్లన ఎట్లగును అని అడిగాడు. లోపల ప్రాణానికి చల్లగా ఉంటుందిరా అని అవ్వ నచ్చజెప్పింది. మర్నాడు ఊరందరి స్నానశాలలో, వేడినీళ్ళ తొట్టిలో ఊరిపెద్ద మెడదాకా మునిగి, చల్లగా ఉంది, దిగమన్నాడట. వాడు బొటనవేలు ముంచి చూసి ఇంటికొచ్చేశాడు.

తిన్నావా అని ఎవరడిగినా తిన్నానని చెప్పి, వాళ్ళింట్లో మళ్ళీ తిని వచ్చేవాడు. అయిదిళ్ళు తిరిగాక పొట్ట పట్టుకుని, అమ్మా, ఇది ప్రశ్న కాదు, రాజాజ్ఞ అని నా దగ్గర మొరపెట్టుకున్నాడు. పెద్దల ముందు సారా తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలని మా ఆయన నేర్పాడు. నాలుగు పక్కలా పెద్దలే ఉండేసరికి ఎటు తిప్పుకోవాలో తెలియక, గిన్నె పట్టుకుని బల్ల కింద దూరాడు.

అన్నిటికన్నా వాణ్ణి ఎక్కువ వేధించింది నా మాటే. మా ఆయన పొలం వెళ్ళాడని ఒకసారి అన్నాను. వాడు చాలాసేపు ఆలోచించాడు.

"అమ్మా, 'మా' అనగా తమరెందరు?"

"ఎందరేమిటి, నేనొక్కదాన్నే."

"మరి మిగతా భార్యలు?"

వాళ్ళ దేశంలో ఎవరి మొగుణ్ణి వాళ్ళు 'నా' అంటారట. మా మాట తీరే అంత, ఇంకెవరూ లేరని చెబితే, నా వంక జాలిగా చూసి, ఒక్కరే భరించలేక పంచుకున్నారనుకున్నాను అన్నాడు. ఊరు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నిజానికి వాడన్నదాంట్లో తప్పేముంది? పని చేయించుకున్నది ఊరు, వండి పెట్టింది నేను.

ఇంత నవ్వులోనూ మా ఆయన నవ్వడం మానేశాడు. ఎందుకో సావిట్లో చూశాక తెలిసింది. చేప పొట్ట దగ్గరి మెత్తటి ముక్క ముళ్ళు తీసి ఆయన అన్నంలో పెట్టడం అవ్వకి ఎప్పటినుంచో అలవాటు. ఇప్పుడా ముక్క కాయ్‌షిన్ గిన్నెలోకి పోతోంది. మా ఆయన్ని అందరూ గిచోల్ అంటున్నారు. బస్తా మీద చెయ్యి వేస్తే, నీకూ అరవై వస్తున్నాయి, నువ్వు కూర్చో నాయనా అంటున్నారు. ఊరిపెద్ద అయితే ఇంటికొచ్చి మరీ, ఇకనుంచి పెద్దల వరసలో కూర్చోమనీ, అక్కడ నేల వెచ్చగా ఉండి మోకాళ్ళకి మంచిదనీ చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు మా ఆయన అన్నం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నన్నెవరూ తిట్టడం లేదే" అన్నాడు.

"నేనున్నాగా."

"నీ తిట్లు వేరు. పొద్దున అవ్వ వాకిట్లోంచే వెళ్ళాను. తిన్నావా అని కూడా అడగలేదు."

"తినే వెళ్ళారుగా."

"తిన్నాననుకో. అడగాలా వద్దా?"

నవ్వొచ్చింది గానీ బయటికి రాలేదు. చిన్నప్పుడే తల్లి పోతే, ఆ సావిట్లో ఉన్న చేతులే తలో ముద్దా పెట్టి ఈయన్ని పెంచాయి. ఒరే చిన్నోడా అనే పిలుపు తప్ప ఈయనకి వేరే పుట్టిల్లు లేదు.

మర్నాడు తెల్లారగానే కొట్టు తాళం తీశాడు. తన పాత సైకిలు గొలుసులోంచి ఒక లంకె ఊడదీసి తెగినచోట వేశాడు, చక్రాలకి నూనె పెట్టాడు, గాలి కొట్టాడు. నేను అన్నం దించేలోపు సైకిలు వాకిట్లో తళతళలాడుతూ నిలబడింది. సామాను వచ్చేసిందని ఊరంతా చాటాడు. ఏ బండిలో వచ్చిందో చూసినవాళ్ళు లేరు.

కాయ్‌షిన్ బయల్దేరుతుంటే అవ్వలంతా రోడ్డు మీదకొచ్చారు. ఎండు చేపలు, చిలగడదుంపలు, నువ్వులనూనె సీసాలు కట్టేసరికి సైకిలు కనపడలేదు. వాడు ప్రతి అవ్వకీ సాష్టాంగపడి, మహారాణీ, సెలవు దయచేయుడు అన్నాడు. చివరికి మా ఆయన దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నగారూ, తమరి సింహాసనము తమరికే అప్పగించుచున్నాను" అన్నాడు.

వాడి కళ్ళలో అల్లరి చూశాక, వీడికి అంతా తెలుసేమోనని నాకనుమానం వచ్చింది.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ఇంకో రెండ్రోజులకి ఊరంతా కలిసి చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజు. సావిడి ముందు క్యాబేజీలు గుట్టగా పడ్డాయి. అవ్వలు మోచేతులదాకా ఎర్రటి కారంతో, ఆ పిల్లాడుంటేనా అని ఒకటే పాట. మా ఆయన బుట్టలు మోస్తూనే ఉన్నాడు గానీ ఆయన్నెవరూ పట్టించుకోలేదు. కాసేపటికి ఓక్‌గ్వా అవ్వ ఆయన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"పది రోజులన్న సామాను, ముందే ఎట్లా వచ్చిందిరా?" అని అడిగింది.

ఏదో అల్లుతాడనుకున్నాను. ఆయన అల్లలేదు.

"సామాను రాలేదవ్వా, కొట్లోనే ఉంది. మొదట్లో వాడుంటే నాకు సుఖమని దాచాను. ఆ తరవాత వాడుంటే మీకు నేనక్కర్లేదనిపించింది. అందుకే పంపించేశాను."

ఎవరూ నవ్వలేదు. నేను తలెత్తకుండా క్యాబేజీకి కారం పట్టిస్తూ కూర్చున్నాను.

అవ్వ ఒక లేత ఆకు తుంచి, కారం పూసి, చుట్ట చుట్టి, ఆ ఎర్రటి చేత్తోనే ఆయన నోట్లో కుక్కింది.

"మేం తొమ్మిదిమంది ముసలాళ్ళమీ పోయాక ఈ ఊరికి నువ్వే పెద్దోడివి. అప్పుడు ఎంతసేపు కూర్చున్నా నిన్ను లెమ్మనేవాళ్ళు ఉండరు. ఇప్పుడు లేచి ఆ ఉప్పు బస్తా పట్టుకురా, చిన్నోడా."

ఆవిడ చెప్పింది ఒక్క బస్తా. మా ఆయన రెండు మోసుకొచ్చాడు. సాయంత్రానికి నడుం పట్టేస్తే కాపడం పెట్టింది మాత్రం నేనే.